గోడ మీది తమ్ముడు

మార్చి 3, సోమవారం

అక్క ఫోన్ చేసింది. తుంటి ఎముక ఆపరేషన్ ఎల్లుండేనట, ఈ ఊరి ఆసుపత్రిలోనే. ఆ తర్వాత మూడు నెలలు మంచం దిగకూడదని, అందుకని కూతురింట్లో ఉంటానని చెప్పింది. తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంటోంది. తెచ్చుకోక ఏం చేస్తుంది? జబ్బు చేసిన దగ్గర్నుంచి, ఇరవై ఏళ్లుగా వాడు అక్క దగ్గరే ఉన్నాడు.

"పగలంతా పిల్లా అల్లుడూ ఆఫీసులకు పోతారే. నేనేమో మంచం మీద, వాడేమో ఆ నాలుగు గోడల మధ్య. వాడికి పిచ్చెక్కిపోతుంది," అంది. ఏమందో తనకే తట్టి, "ఛ, నా నోరు పడ," అని నవ్వింది. వెనక నుంచి వాడు కూడా నవ్వడం వినపడింది.

"మీ సెంటర్లో ఇలాంటివాళ్లను పగటిపూట ఉంచుకుంటారటగా. నువ్వున్న చోటే కదా, ఇంక నాకేం బెంగ?"

చూస్తానక్కా అన్నాను.

నాకేం. రానీ.

మార్చి 4

నాకేం అని రాశాను గానీ, పొద్దున్నుంచీ ఒకే ఫైలు మూడుసార్లు తీసి పెట్టాను.

మార్చి 5

అక్క ఆపరేషన్ బాగా జరిగింది. వాడు ఇంటి దగ్గరే ఉన్నాడని కనుక్కుని మరీ ఆసుపత్రికి వెళ్లాను.

తిరిగి సెంటర్‌కి వచ్చి నడవాలో గోడ ముందు పావుగంట నిలబడ్డాను. తొమ్మిదేళ్లుగా రోజూ ఆ గోడ పక్కనుంచే నడుస్తున్నా ఎప్పుడూ ఆగి చదివింది లేదు. పైన పెద్ద అక్షరాలతో 'మేమెందుకు వచ్చాం' అని ఉంటుంది. కింద స్టాఫ్ అందరి ఫొటోలు, ఒక్కొక్కరి ఫొటో కింద రెండు మూడు వాక్యాలు. పెద్ద మేడమ్‌ది: 'మా అబ్బాయిని అర్థం చేసుకోవడంలో ఆలస్యం చేశాను. మీరు చేయకండి.' ఈ సెంటర్ పెట్టింది ఆవిడే, ఆవిడకు ఆ మాట రాసే హక్కు ఉంది. వ్యాన్ డ్రైవర్‌ది: 'ఇల్లు దగ్గర.' ఇంకో మాట రాయవయ్యా అని అందరం బతిమాలినా రాయలేదు. కిందటేడు చేరిన కొత్తమ్మాయిది: 'కాలేజీలో ఒకరి మాటలు విన్నాను.' ఆ ఒకరు నేనే.

నాది ఇది: 'నా తమ్ముడు ఏడేళ్లు మానసిక వ్యాధితో పోరాడి ఇరవై తొమ్మిదో ఏట కన్నుమూశాడు. వాడికి చేయలేనిది మీ తమ్ముళ్లకు చేద్దామని వచ్చాను.'

వాడికి పోయిన నెలలో నలభై రెండు నిండాయి.

మార్చి 6

ఇది ఎలా మొదలైందో రాసుకోవాలి. ఇప్పటిదాకా ఎక్కడా రాసుకోలేదు, ఈ పుస్తకంలో కూడా.

చేరిన రెండో నెల. మా దగ్గర నెలకోసారి, మొదటి శనివారం, పేషెంట్ల ఇళ్లవాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. పెద్ద మేడమ్ పద్ధతి ఏమిటంటే ముందు స్టాఫ్‌లో ఒకరు తమ ఇంటి సంగతి చెప్పాలి. "మనం విప్పితేనే వాళ్లు విప్పుతారు," అంటారు. ఆ నెల నా వంతు. మా తమ్ముడికి జబ్బు చేసిందనీ, తనలో తనే మాట్లాడుకునేవాడనీ, వీధిలో నడుస్తుంటే జనం ఎలా చూసేవారో, అమ్మ ఎలా కుంగిపోయిందో చెప్పాను. అక్కడిదాకా అంతా నిజమే. అప్పుడు వెనక వరుసలోంచి ఒక పెద్దాయన, "ఇప్పుడెక్కడున్నాడమ్మా? ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగాడు.

రెండో ప్రశ్న అడక్కపోయి ఉంటే బాగుండేది. అప్పటికి నేను వాడి మొహం చూసి రెండేళ్లు దాటింది. అక్క చూసుకుంటోందని చెప్తే, మరి నువ్వో అంటారు.

"లేడండీ," అన్నాను. "పోయాడు."

ఆ పెద్దాయన లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత తన కూతురి గురించి గంటసేపు మాట్లాడాడు. అంతకుముందు ఎవరెంత అడిగినా నోరు విప్పని మనిషి! పెద్ద మేడమ్ కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజుతో శనివారాలు నావైపోయాయి. ఇప్పటికి అరవై డెబ్భై సార్లు చెప్పి ఉంటాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు తెలుసు. మొదట్లో ఉత్త జ్వరంతో పోయాడు. మూడో ఏడు వచ్చేసరికి ఆఖరి క్షణంలో నా చెయ్యి పట్టుకుని పోవడం మొదలుపెట్టాడు.

దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. ఎంతమంది ఇళ్లలో మేలు జరిగిందో! అది నిజం. అది నిజమే కదా.

మార్చి 7

ఆసుపత్రి మంచం మీద నుంచే అక్క ఫోన్. "ఫారమ్ ఏదో నింపాలటగా? నా చెల్లెలు అక్కడే పనిచేస్తోందని రాయిస్తాలే."

"వద్దక్కా. స్టాఫ్ చుట్టాలను చేర్చుకోకూడదని మాకు రూలు. తెలిసిందంటే వాడికి చోటు దొరకదు. అక్కడ నేనెవరో తెలియనట్టే ఉండండి."

అలాంటి రూలేం లేదు. ఒకవేళ ఉంటే అందరికంటే ముందు పెద్ద మేడమే చింపి పారేసేవారు.

ఫోన్ స్పీకర్లో ఉంది కాబోలు, వాడి గొంతు వినిపించింది. "సరే చిన్నక్కా. మేడమ్ అంటాలే."

మార్చి 10

నడవా గోడ మీద నా కాగితం తీసేశాను. ఫొటో పాతదైపోయింది, మారుస్తానని చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

మార్చి 12

వచ్చాడు.

అక్క కూతురు తీసుకొచ్చి దింపింది. నేను మెట్ల మీద నుంచి చూశాను. అమ్మ పోయినప్పుడు చూడటమే, ఆరేళ్లయింది. జుట్టు సగం నెరిసింది. మందుల వల్ల వేళ్లు కాస్త వణుకుతున్నాయి. చొక్కా అక్క కుట్టిందే, ఆ కాలర్ నేను ఎక్కడైనా గుర్తుపడతాను. వాడు తలెత్తి నన్ను చూశాడు. రెండు చేతులూ జోడించి, "నమస్కారం మేడమ్," అన్నాడు.

ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయికి సిగ్గేసి, మధ్యాహ్నం చేతులు కడుక్కునేటప్పుడు అద్దంలోకి చూడలేకపోయాను.

మార్చి 18

వాడికి కుర్చీలు అప్పగించారు. మా వెనక షెడ్డులో తెగిపోయిన కేన్ కుర్చీలు తెచ్చి మళ్లీ అల్లుతారు, చుట్టుపక్కల ఆఫీసుల నుంచి వస్తాయి. వారం రోజులకే వాడి అల్లిక చూసి పాతవాళ్లు పక్కన చేరి నేర్చుకుంటున్నారు. కేన్ చేతిలో ఉన్నంతసేపూ వేళ్లు వణకడం లేదు. అక్క ఫోన్ చేసి, "వాడు సాయంత్రం ఇంటికొచ్చి ఏం జరిగిందో చెప్తున్నాడే, ఒకటే కబుర్లు! వాడు కబుర్లు చెప్పి ఎన్నేళ్లయిందో!" అని ఏడ్చింది.

డ్రైవర్ కూడా మధ్యాహ్నం వాడి పక్కనే కూర్చుంటున్నాడు. ఇవాళ నాతో, "ఈయన నవ్వితే అచ్చం మీలా ఉంటాడు మేడమ్," అన్నాడు.

"అందరికీ రెండు కళ్లూ ఒక ముక్కే కదయ్యా," అన్నాను.

అతను నవ్వలేదు.

మార్చి 20

కొత్తమ్మాయి నా చెయ్యి పట్టుకుని నడవాలోకి లాక్కెళ్లింది. నన్ను ఆశ్చర్యపరచాలని నిన్న సాయంత్రమే చేయించిందట. నా కాగితం మళ్లీ గోడ మీద ఉంది, ఇదివరకటికి రెండింతలైంది. అందరి మధ్యలో పెట్టింది. 'కన్నుమూశాడు' అన్న మాట చదవడానికి ఇప్పుడు కళ్లజోడు కూడా అక్కర్లేదు.

"మీరు లేకపోతే నేను ఈ పనిలోకి వచ్చేదాన్నే కాదు మేడమ్," అంది. ఆ పిల్ల కళ్లల్లోకి చూడలేక ఫొటో బాగుందన్నాను.

మార్చి 21, శుక్రవారం

నేనూ కొత్తమ్మాయీ నడవాలో మాట్లాడుకుంటున్నాం. వాడు షెడ్డులోంచి మంచినీళ్లకని వచ్చి గోడ ముందు ఆగాడు. వాడు నిదానంగా చదువుతాడు. పెదవులు కదుపుతూ, మొదటినుంచీ చివరిదాకా.

"తమ్ముడా మేడమ్?" అన్నాడు.

"అవును."

"ఎలా పోయాడు?"

కొత్తమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది, తట్టుకోమన్నట్టు. నేను చెప్పొచ్చు. అప్పుడే చెప్పేయొచ్చు. ఒక్క మాట చాలు.

"జ్వరం వచ్చి," అన్నాను.

"అయ్యో." కాసేపు మళ్లీ గోడ వైపు చూశాడు. "మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మంచివాడే అయ్యుంటాడు."

నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీల దగ్గరికి వెళ్లిపోయాడు.

"పాపం, ఎంత సున్నితమైన మనిషో," అంది కొత్తమ్మాయి.

మార్చి 22

ఇవాళ ఏమీ రాయను.

మార్చి 23, ఆదివారం

అక్కను చూడ్డానికి వెళ్లాను. ఈసారి వాడు ఇంట్లో ఉన్నాడో లేదో కనుక్కోకుండా వెళ్లాను, అదేదో ఘనకార్యమైనట్టు. అక్క మంచం మీద కూర్చుని అల్లుడి ప్యాంటుకు అంచు కుడుతోంది. విశ్రాంతి అంటే ఆవిడకు కాళ్లకే, చేతులకు కాదు. నాతో ఆవిడ తీరు ఏమీ మారలేదు. వాడు చెప్పలేదని అర్థమైంది.

వచ్చేటప్పుడు వాడు వీధి చివరిదాకా వచ్చాడు. నేనే ముందుగా, "ఆ రోజు ఎందుకు ఊరుకున్నావు?" అని అడిగాను.

"ఏమనమంటావు? నేను బతికే ఉన్నానండీ అనా? ఆ మాట నాలాంటివాడు అంటే డాక్టరు డోసు పెంచుతాడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఏడుపొచ్చింది.

"అక్కకు చెప్పలేదు. చెప్పను కూడా. నువ్వు కంగారుపడకు," అన్నాడు. "నాకు అక్కడ బాగుంది చిన్నక్కా. అక్కడ నన్ను కుర్చీలాయన అంటారు. ఇన్నేళ్లకు నన్ను చేసే పనితో పిలుస్తున్నారు. నాకది చాలు."

క్షమించు అనే మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో బస్సొచ్చింది. తర్వాతి బస్సు పది నిమిషాల్లో ఉంటుంది, ఆ దారిలో ఎప్పుడూ ఉంటుంది. అయినా ఎక్కేశాను.

మార్చి 27

ఆలోచించాను. వాడు 'నాకది చాలు' అన్నాడు గానీ, మనసులో మాట అది కాదు. నిజం బయటపడాలనే వాడికీ ఉంది, అడగలేకపోతున్నాడు. నాకు తెలుసు. మనుషులు పైకి చెప్పనిది వినడమే కదా తొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం.

ఏప్రిల్ 1

ఇది కూడా రాయాలి. వాడికి జబ్బు మొదలైన కొత్త, ఇంకా అక్క దగ్గరికి వెళ్లకముందు. నేను ఒక ఆఫీసులో టైపు చేసేదాన్ని. ఒకరోజు సాయంత్రం పెద్ద వాన. వాడు నా గొడుగు పట్టుకుని, ఇంట్లో వేసుకునే బట్టలతో, కాలికో రకం చెప్పులతో, పైకే మాట్లాడుకుంటూ మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. నేను నలుగురితో కలిసి బయటికి వస్తున్నాను. వాచ్‌మన్, "ఈయన మీకోసమే వచ్చానంటున్నాడమ్మా, మీవాడేనా?" అన్నాడు.

"కాదు," అన్నాను.

వాడు గొడుగును గేటుకు ఆనించి వెళ్లిపోయాడు. నేను ఆ గొడుగు వేసుకునే ఇంటికి వెళ్లాను.

శనివారం మీటింగులో ఇది కూడా చెప్పాలి. అన్నీ చెప్పేస్తాను.

ఏప్రిల్ 3

మా ఆయనకు చెప్పాను, శనివారం అందరి ముందూ నిజం చెప్పేస్తానని. ఆయనకు తమ్ముడి సంగతి పెళ్లయిన మూడో ఏడే చెప్పాను. అప్పుడు "ఊఁ" అన్నాడు. ఇప్పుడూ "ఊఁ" అన్నాడు. తర్వాత, "అతనికి చెప్పావా?" అన్నాడు.

"వాడికి ఇదే కావాలి," అన్నాను.

ఏప్రిల్ 4

ఎలా చెప్పాలో కాగితం మీద పెట్టుకున్నాను. ముందు పాత కథ మొదలుపెట్టాలి, అందరికీ తెలిసిందే కనుక. 'పోయాడు' అనే చోట ఆగాలి. అక్కడ, 'ఇన్నేళ్లూ మీకు అబద్ధం చెప్పాను' అనాలి. తర్వాత గొడుగు. గొడుగు చివర్లో పెడితే బాగుంటుందా? కాదు, మధ్యలోనే. చివర్లో వాడు.

చాలా ఏళ్ల తర్వాత మనసు తేలిగ్గా ఉంది.

ఏప్రిల్ 5, శనివారం

నలభైమందికి పైనే వచ్చారు. కుర్చీలు చాలక షెడ్డులోంచి కొత్తగా అల్లినవి మోయించారు. వాడూ ఇంకో ఇద్దరూ మోశారు.

అనుకున్నట్టే చెప్పాను. ఆగాల్సిన చోట ఆగాను. గొడుగు దగ్గర ముందు వరుసలో ఒకావిడ కొంగుతో నోరు మూసుకుంది. "నా తమ్ముడు చనిపోలేదు. అక్కడ, తలుపు దగ్గర కుర్చీ పట్టుకుని నిలబడ్డ మనిషే నా తమ్ముడు," అని చెయ్యి చూపించాను.

అందరూ వెనక్కి తిరిగారు. ముందు ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ. కొత్తమ్మాయి ఏడుస్తూ కొట్టింది. ఒకాయన లేచి వాడి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకోబోయాడు.

వాడి మొహం చూశాను. ఆ మొహం నాకు తెలుసు. చుట్టూ మనుషులు మూగినప్పుడు, ఎటు పోవాలో తెలియనప్పటి మొహం. వాడికి ఇరవై రెండేళ్లప్పుడు వీధిలో చూసిన మొహం అది. కుర్చీని మెల్లగా కింద పెట్టాడు. సరిగ్గా వరుసలో ఉందో లేదో చూసి కొంచెం జరిపాడు కూడా. బయటికి వెళ్లిపోయాడు.

డ్రైవర్ వెనకే పరుగెత్తాడు. నేను పరుగెత్తలేదు. నా చుట్టూ జనం ఉన్నారు, నా భుజాలు పట్టుకుని, ఎంత ధైర్యం తల్లీ అంటున్నారు.

ఏప్రిల్ 7, సోమవారం

వాడు రాలేదు.

"దారంతా ఒక్క మాట మాట్లాడలేదు మేడమ్," అన్నాడు డ్రైవర్. "దిగేటప్పుడు మాత్రం, ఇకనుంచి నాకోసం వ్యాన్ తిప్పకండి అన్నాడు." ఇంకేదో అనబోయి మానేసి టైర్లలో గాలి చూసుకోవడానికి పోయాడు.

పెద్ద మేడమ్ తలుపు వేసి కూర్చోమన్నారు. అబద్ధం గురించి తిడతారనుకుని సిద్ధపడి వెళ్లాను. ఆవిడ దాని గురించి ఒక్క ముక్కే అన్నారు. "తొమ్మిదేళ్లు నీ తమ్ముడి కోసం ఏడ్చాను. ఆ ఏడుపు ఏం చేసుకోమంటావో తర్వాత చెబుదువుగాని." తర్వాత సొరుగులోంచి సంతకాల పుస్తకం తీసి నా ముందు పెట్టారు. ఇక్కడికి వచ్చేవాళ్ల సంగతి నలుగురిలో చెప్పాలంటే ముందు వాళ్లను అడిగి, ఆ పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకు ఆ సంగతి నేర్పేది నేనే. పోయిన ఏడు ఇదే గదిలో కొత్తమ్మాయికి నేర్పాను, ఇదొక్కటి తప్పితే మనకూ వీధిలో వేలెత్తి చూపించేవాళ్లకూ తేడా ఉండదని.

"ఆయన సంతకం ఏదీ?" అన్నారు.

"నా తమ్ముడు కదా మేడమ్..."

"శనివారం దాకా కాదుగా."

తల కొట్టేసినట్టయింది. ఆ గదిలోంచి ఎలా బయటికొచ్చానో తెలియదు.

ఏప్రిల్ 9

అక్క కూతురింటికి వెళ్లాను. వాడే తలుపు తీశాడు, సగం. లోపలికి రమ్మనలేదు.

"నీకోసమే చెప్పానురా. నిజం చెప్పేస్తే నీకు..."

"చంపేటప్పుడు అడగలేదు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "బతికించేటప్పుడూ అడగలేదు."

తలుపు వేసుకున్నాడు.

మెట్ల మీద కూర్చుండిపోయాను. పై ఇంటావిడ దిగుతూ ఎవరు కావాలమ్మా అని అడిగింది. పక్కకు జరిగి ఆవిడకు దారిచ్చాను.

ఏప్రిల్ 11

అక్కకు తెలిసిపోయింది. శనివారం మీటింగుకు వచ్చినవాళ్లెవరో ఆ వీధిలోనే ఉంటారట. ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. వెనక కుట్టు మిషను శబ్దం. మంచం దిగి మిషను ముందు కూర్చుందన్నమాట. "ఏడాదికోసారి ఫోన్ చేసి వాడెలా ఉన్నాడని అడిగేదానివి చూడు, ఆ ఫోన్ పెట్టేశాక మీ చిన్నక్కకు నువ్వంటే ప్రాణం రా అని వాడికి చెప్పేదాన్ని. నాతో కూడా అబద్ధం ఆడించావు గదే," అంది.

ఏప్రిల్ 14

వాడు తినడం తగ్గించాడట. పగలంతా గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. మందులు వేసుకుంటున్నాడో లేదో తెలియడం లేదని అక్క కూతురు నాకు కాదు, సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పింది. షెడ్డులో వాడు సగం అల్లిన కుర్చీ అలాగే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. నేను కట్టుకథలు చెప్పుకుంటూ తొమ్మిదేళ్లు ఉన్న చోట వాడికి నాలుగు వారాలు కూడా మిగల్చలేదు.

ఏప్రిల్ 15

రాజీనామా రాశాను. నేను లేకపోతే వాడు వస్తాడు. పెద్ద మేడమ్ చదివి మడిచి చేతిలో పెట్టారు. "ఇదైనా ఆయన్ని అడిగావా?" అన్నారు.

ఏప్రిల్ 16

వెళ్లాను. ఈసారి అక్క పిలిచింది లోపలికి. వాడు మంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కన నేల మీద కూర్చున్నాను. మాట్లాడాల్సినవి దారంతా కూడబలుక్కున్నాను గానీ, ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"ఏం చేయమంటావు?" అన్నాను.

నిద్రపోయాడేమో అనుకున్నాను.

"నాకు మళ్లీ కుర్చీలు కావాలి," అన్నాడు గోడ వైపే చూస్తూ. "అక్కడికి వెళ్తే ఇప్పుడు నేను మేడమ్ గారి తమ్ముణ్ణి. అందరూ జాలిగా చూస్తారు. నీ కథలోంచి నన్ను తీసెయ్."

"ఉద్యోగం మానేస్తాను."

"మానెయ్యమన్నానా? నువ్వెప్పుడూ ఇంతే, అడిగింది వదిలేసి అడగంది ఇస్తావు." ఇటు తిరిగాడు. "ఆ గోడ మీద నీ కాగితం ఉంది చూడు, అది మళ్లీ రాయి. నేను లేకుండా రాయి. చచ్చినవాణ్ణీ పెట్టొద్దు, బతికున్నవాణ్ణీ పెట్టొద్దు. అసలు ఎందుకొచ్చావో అది రాయి. అప్పుడు వస్తాను."

అదెంత పని అనుకున్నాను.

ఏప్రిల్ 17

'మనుషులకు సాయపడాలని వచ్చాను.' కొట్టేశాను.

ఏప్రిల్ 18

'మానసిక వ్యాధి పట్ల సమాజంలో ఉన్న చులకన భావం పోగొట్టడానికి.' చులకన ఎవరిదో! కొట్టేశాను.

ఏప్రిల్ 20

వాణ్ణి తీసేస్తే ఏమీ మిగలడం లేదు.

ఏప్రిల్ 22

ఉద్యోగం కావాలి కనుక వచ్చాను అని రాద్దామనుకున్నాను. డ్రైవర్ రాస్తే అది నిజం. నేను రాస్తే దాక్కోవడం.

ఏప్రిల్ 24

ఇవాళ మధ్యాహ్నం ఒక పేషెంటు నాలుగు గంటలు ఒకే మాట చెప్పాడు. విన్నాను. చిరాకు పడలేదు. అతను చొక్కా మీద నీళ్లు ఒలకబోసుకుంటే తుడిచాను. ఐదైంది, సంచీ తీసుకుని ఇంటికి బయల్దేరాను. అతని అక్క వచ్చి తీసుకెళ్లింది. గేటు దగ్గర ఆవిడ మొహం చూశాను. ఇంకా సాయంత్రం, రేపు పొద్దున, ఎల్లుండి, ఏడాదంతా ఉంది ఆ మొహంలో.

బస్సులో తెలిసింది ఎందుకొచ్చానో. ఎప్పుడో తెలుసు కాబోలు.

ఏప్రిల్ 25, శుక్రవారం

పాత కాగితం తీసేసి కొత్తది అంటించాను. చేత్తోనే రాశాను. 'సొంతవాళ్లకంటే పరాయివాళ్లను చూసుకోవడం నాకు తేలిక. అందుకే వచ్చాను.'

కొత్తమ్మాయి చదివింది. మధ్యాహ్నం వేరే బల్ల దగ్గర కూర్చుని తింది. తప్పు పట్టను. పెద్ద మేడమ్ వచ్చి, చదివి, ఒక మూల ఊడి వస్తుంటే వేలితో నొక్కి వెళ్లారు. అక్క కూతురికి ఫోన్ చేసి, వాడికి చెప్పమన్నాను. వస్తాడో రాడో వాడిష్టం.

ఇన్నాళ్లూ ఆ నడవాలో తల ఎత్తుకుని తిరిగాను. ఇవాళ గోడ పక్క నుంచి నడవాలంటే చచ్చేంత సిగ్గేసింది.

ఏప్రిల్ 28, సోమవారం

వచ్చాడు. వ్యాన్ దిగి తిన్నగా నడవాలోకి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, చిక్కిపోయాడు. నేను గోడకు ఇవతల నిలబడ్డాను, పిలవాలో వద్దో తెలియక. స్టాఫ్ కూడా అటూ ఇటూ ఉన్నారు, చూడనట్టు చూస్తూ.

పెదవులు కదుపుతూ, నిదానంగా చదివాడు. రెండోసారి చదివాడు. అంత చిన్న వాక్యానికి అంతసేపు ఎందుకో!

నా వైపు తిరిగాడు. మేడమ్ అంటాడనుకున్నాను.

"అయితే నన్ను కూడా పరాయివాణ్ణే అనుకో చిన్నక్కా," అన్నాడు, అందరికీ వినపడేలా. "అప్పుడు బాగా చూసుకుంటావు."

నవ్వుతూనే అన్నాడు. అని, కుర్చీల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను పొద్దున తొమ్మిదిన్నరకు, అందరూ చూస్తుండగా, ఆ నడవాలో నిలబడి ఏడ్చాను.